ఒక్కడే ఉన్న తరగతిలో ఫస్టు

ఆ రోజుల్లో మెట్రిక్ గట్టెక్కిన కుర్రవాడికి మెదక్‌లో రెండే పనులుండేవి: ట్యూషన్లు చెప్పడం, ఉద్యోగం ఎందుకు రాలేదో ఊరందరికీ చెప్పడం. నేను రెండూ చేసేవాణ్ని. మా మేనమామ పుణ్యమా అని చర్చి రోడ్డులోని బట్టల దుకాణం సావుకారి ఇంట్లో నాకు కొలువు దొరికింది. ఆయనకు లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు, ఏడేళ్ళొచ్చినా బడి గడప తొక్కలేదు. బడికి పంపాలని సావుకారికి ఉండేది కానీ, పిల్లవాడి నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "బడికి పోతే పోరలు కొడ్తరు, దిష్టి తగుల్తది, బస్సు కింద పడ్తడు" అని ఒకే గుక్కలో మూడు గండాలు చెప్పేది (మా వీధిలోకి బస్సు రావడం నేనెన్నడూ చూడలేదు). చివరికి సావుకారి రాజీ కుదిర్చాడు. "దసరా దాక మీరు చెప్పుండ్రి సార్. చదువు మంచిగొస్తే ఇంట్లనే చెప్పిపిస్త, లేకుంటే బడికి తోలుత" అన్నాడు. అంటే పిల్లవాడికి చదువొస్తేనే నాకు బువ్వ.

బడి తప్ప నాకు ఇంకో పద్ధతి తెలియదు కనుక, ఆ ఇంటి అరుగు మీద బడే పెట్టాను. ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో గంట కొట్టి, ప్రార్థన చేయించి, హాజరు పిలిచేవాణ్ని. మూరెడు దూరంలో కూర్చున్నవాడు "హాజర్ సార్" అని అరిచేవాడు. ఒకనాడు అలవాటు కొద్దీ "సైలెన్స్" అని గద్దించాను కూడా. ఎవరూ మాట్లాడటం లేదు. వాడికి ఎక్కాలకన్నా నా బడి కబుర్ల మీదే ఆరాటం. "బెంచి మీద ఎంతమంది కూసుంటరు సార్? పక్కోడు బల్పం ఇయ్యకుంటే ఏం చేస్తరు?" అని అడిగేవాడు. "కటీఫ్ చెప్తరు. మల్ల దోస్తీ అయ్యేదాక మాట్లాడరు" అన్నాను. వాడు ఇల్లంతా కలియజూసి, కటీఫ్ చెప్పడానికి ఎవరూ దొరక్క, నాకే చెప్పాడు. ఆ పూట పాఠం గోడకు చెప్పాల్సి వచ్చింది. వాణ్ని ఇంట్లో ఉంచడానికి నన్ను పెట్టుకుంటే, రోజూ వాడికి బడి మీద మోజు పెంచి, నేను కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నానని నాకు తోచనే లేదు.

దసరా ముందు సావుకారి పరీక్షకని చర్చి కాంపౌండు నుంచి ఒక టీచరమ్మను పిలిపించాడు. వాడు ఎక్కాలు గడగడా అప్పజెప్పాడు, డిక్టేషన్లో ఒక్క తప్పూ లేదు. నాయనమ్మ దిష్టి తీయడానికి గుప్పిట్లో ఉప్పు పట్టుకొని నిలబడింది. నా కొలువు గట్టిపడిందన్న సంతోషంలో, "క్లాసుల ఫస్టు వచ్చిండు" అన్నాను.

"సెకండ్ ఎవరు సార్?" అన్నాడు వాడు.

వాడి గొంతులో బాధేమీ లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. కాసేపు ఆలోచించి, "లాస్టు గూడ నేనేనా?" అన్నాడు. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. నాయనమ్మ గుప్పిట్లోని ఉప్పును చూసుకుంటూ, సావుకారితో "తోలురా కొడుకా. బస్సొస్తే నేను పక్కకు గుంజుత" అంది.

అలా నా శిష్యుడి ప్రతిభ వల్ల నా ఉద్యోగం పోయింది. బడిలో చేర్చడానికి నేనే తీసుకెళ్ళాను. వెనకాల నాయనమ్మ, రాని బస్సు కోసం అటూ ఇటూ చూస్తూ.

సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం వాడు మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. "పరీచ్చలైనయి సార్. నా ముంగట మస్తు మంది ఉన్నరు. ఎనక గూడ ఇద్దరున్నరు" అని, ముందున్న వాళ్ళందరి పేర్లూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. అప్పటి నన్ను, ఆ బక్క పంతులును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చేతిలో కొలువు లేదు, ఫస్టు వచ్చిన శిష్యుడు కిందినుంచి మూడోవాడయ్యాడు, అయినా పళ్ళికిలించుకొని, "కటీఫ్ ఎవరితోనన్న అయిందారా?" అని అడిగాడు.

"ఇద్దరితోని సార్" అన్నాడు వాడు, ఫస్టు వచ్చిననాడు కూడా లేని సంబరంతో.