ఫిరంగులు లాగినవాళ్ళు

నా చిన్నప్పుడు మా నాయన ఎప్పుడు చూసినా అలసిపోయే ఉండేవాడు. తెల్లవాళ్ళ సైన్యంలో చేరి బర్మా యుద్ధానికి పోయి, కుంటికాలితో తిరిగొచ్చాడట. ఆ కాలితోనే సోమందేపల్లి దగ్గర మా వేరుశనగ చేను చేసుకునేవాడు. ఎవరైనా యుద్ధం మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

నేను పెనుకొండలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, బడి వార్షికోత్సవంలో ఒక పటం చూపించి దాని గురించి మాట్లాడమన్నారు మా అయ్యవారు. ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ మన దక్షిణాది మీద ఆశతో తలపడిన యుద్ధం అది. మధ్యలో తెల్ల గుర్రాల మీద ఇద్దరు దొరలు, వాళ్ళ వెనక జెండాలు. పటాన్ని ఇంటికి తెచ్చి గోడకు ఆనించి, దొరల వీరత్వాన్ని గొంతెత్తి వల్లించాను. అప్పుడే చేను నుంచి వచ్చి చేరగిలబడిన నాయన కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత మెల్లగా లేచి, దొరలిద్దరినీ రెండు అరచేతులతో మూసేశాడు.

“ఇప్పుడేం కనిపిస్తాండాది పాపా?”

అంతవరకూ నా కంటికి ఆననివాళ్ళు కనిపించారు. బురదలో ఫిరంగులు లాగుతున్నవాళ్ళు, చక్రాల పక్కన పడిపోయినవాళ్ళు. ఈ పక్కా ఆ పక్కా అంతా మన రంగువాళ్ళే. గుర్రాల కళ్ళు కూడా శ్రద్ధగా దిద్దిన చిత్రకారుడు వీళ్ళకు ముఖాలే వేయలేదు.

“మనోళ్ళు మనోళ్ళనే సంపుతాండారు నాయనా,” అన్నాను.

“ఊ. ఎవరు గెలిసినా వీళ్ళు మాత్రం కాదులే,” అని పోయి పడుకున్నాడు.

వార్షికోత్సవంలో నేను వల్లించిందంతా వదిలేసి ఫిరంగులు లాగినవాళ్ళ గురించే మాట్లాడాను. అయ్యవారు కంగారుపడ్డారు గానీ ఆపలేదు. చివరి వరుసలో నాయన కోసం వెతికాను. గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో, “ఏం చెప్తివి పాపా?” అని అడిగాడు. చెప్పాను. బస్సు దిగి నడుస్తుండగా తనంతట తానే అన్నాడు.

“బర్మాలో నా జతలో కంచరగాడిదలు తోలేటోడు ఒకడుండె. గోరంట్ల పక్కనోడు. ఆడనే పాయె.” ఆ మనిషి పేరు కూడా చెప్పాడు. యుద్ధం గురించి నాయన నోట నేను విన్నది అంతే.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే నాకూ ఆయాసమే. యుద్ధం పటం ఏది కంటబడినా, ముఖం వేయనివాళ్ళలో ఒకరిని మనసులో నాయన చెప్పిన ఆ పేరుతో పిలుస్తాను.