వైరస్ చీర నేస్తుందా అని అడిగినవాణ్ణి

ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి వచ్చి డిగ్రీ చదివిన ఒక నేతగాళ్ళ అమ్మాయి సెమినార్‌లో కట్టుకథ చెప్పిందని నేను చాలాకాలం అందరితో అన్నాను. నేనన్నదే అబద్ధం. ఈ ముక్క రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. నిదానస్తుణ్ణి.

అప్పుడు ఆమెకు వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. వైరస్‌ల గురించి నాకు తెలిసిందంతా నా చదువుకాలంలో రాసుకున్న ఒక్క పేజీ నోట్స్. ఆ తర్వాత సైన్సు ముందుకు పోయింది గానీ, నాకు చెప్పి పోలేదు.

సెమినార్‌లో బాగా చెప్పినవాళ్ళను, కాలేజీకి ఒకరి చొప్పున, కర్నూలులో విద్యార్థుల సదస్సుకు పంపాలి. ఆమె సముద్రంలోని పెద్ద వైరస్‌ల గురించి చెప్పింది. సముద్రం చూడని అమ్మాయి, సముద్రం చూడని క్లాసు. న్యాయనిర్ణేతను నేను. సముద్రాన్ని ఒక్కసారి మద్రాసులో చూసి, ప్యాంటు తడిసిందని విసుక్కున్నవాణ్ణి.

ఆ వైరస్‌లు కంటికి కనబడని నాచు కణాల్లో దూరుతాయట. దూరేటప్పుడు జన్యువుల మూట వెంట తెచ్చుకుంటాయట. వాటితో ఆ నాచు కొవ్వు తయారుచేసే తీరును, వెలుతురుతో ఆహారం వండుకునే పనిని కూడా తమకు కావలసినట్టు మళ్ళిస్తాయట.

"సొంతంగా బతకడం చేతగానిది ఇంకొకరి పని ఎట్ల నడిపిస్తుందమ్మా?" అన్నాను.

"మా మగ్గానికి డిజైను అట్టలుంటాయి సార్. వాటి రంధ్రాలు ఎట్లుంటే నేత అట్ల వస్తాది. ఎవుడో దూరి మా అట్టలు పీకి వాని అట్టలు తగిలించినాడనుకోండి. మగ్గం మాదే, నూలు మాదే, కాళ్ళ నొప్పులూ మావే. చీర మాత్రం వానిది. పని ఆగకుండా బల్బు గూడా వాడే తెచ్చుకుంటాడు."

నా ఉద్యోగంలో నేనెన్నడూ ఇంత తేటగా పాఠం చెప్పలేదు. కోపం రావడానికి అదొక్కటి చాలు.

"అయితే వైరస్ చీర నేస్తాదంటావు! ఆదోని కుళాయిలో నీళ్ళకే దిక్కులేదు, నీకు సముద్రం నాచు కావాల్సొచ్చిందా?"

క్లాసంతా నవ్వింది. వెనక కూర్చున్న తోటి లెక్చరరు బల్ల చరిచి మరీ నవ్వాడు. ఆమె నెట్ సెంటర్లో తీయించుకున్న కాగితాలు మడిచి కూర్చుంది. వాటిని చూపించమని నేను అడగలేదు. కర్నూలుకు నా నోట్స్ బట్టీపట్టినవాణ్ణి పంపాను. ఆమె పీజీకి దరఖాస్తు పెట్టలేదు. సైన్సు మీద ఆసక్తి తగ్గిందేమో అని స్టాఫ్‌రూములో నేనే విచారపడ్డాను.

ఈమధ్య ఒక కొత్త పుస్తకం తెరిచాను. ఆమె చెప్పినవన్నీ ఉన్నాయి. మగ్గం ఒక్కటే లేదు, అందుకే అర్థం కావడానికి రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

ఎమ్మిగనూరు వెళ్ళాను. ఆమె దుప్పట్ల అంగడి నడుపుతోంది.

"నువ్వు ఆరోజు చెప్పింది నిజమేనమ్మా. తప్పు నాది."

"నిజమని నాకు అప్పుడే తెలుసు సార్," అంది, చేతిలోని దుప్పటి మడత ఆపకుండా. "నాకు సెప్పేదెందుకు? ఆ పొద్దు నగినోళ్ళకు సెప్పండి."

బల్ల చరిచినాయనతో మొదలుపెట్టాను. రిటైరై ఆలూరులో ఉన్నాడు. ఫోన్ చేశాను.

"ఏ పాపప్పా? కరోనా టీకా గురించి అడిగిన పాపనా?"

"కాదన్నా, అంతకు ముందు. సెమినార్‌లో..."

"గ్యాపకం లేదప్పా. ఏమాయె ఇప్పుడు?"

మొదటి నుంచి చెప్పుకొచ్చాను. నాచు, జన్యువులు, మగ్గం, అట్టలు అన్నీ ఊ కొడుతూ విన్నాడు. 'వైరస్ చీర నేస్తాదంటావు' అని నేను ఆమెను అన్న మాట దగ్గరికి రాగానే మళ్ళీ పగలబడి నవ్వాడు.