లింగమ్మ దిగని బండ

రాబోయే 6జీ నెట్‌వర్క్ మీద పరిశోధనకు మా కాలేజీకి ప్రభుత్వ నిధులొచ్చాయి. అందుకు సిగ్నల్ లేని ఊళ్లను ఎంపిక చేయడం నా వంతు. ఈ రోజు అచ్చంపేట అవతల ఒక పల్లెలో సిగ్నల్ కొలిచే యంత్రం పట్టుకుని ఊరంతా తిరిగితే ఒకే ఒక్క బండ మీద సిగ్నల్ దొరికింది. ఊరివాళ్లు దానికి ఎప్పుడో సున్నంతో గుర్తు పెట్టుకున్నారు.

గొర్లు కాసే లింగమ్మ పొద్దుటి నుంచీ ఎండలో ఆ బండ మీదే కూర్చుని ఉంది. కూతురు కాన్పుకు దవాఖానలో చేరింది, అల్లుడు ఫోన్ చేయాలి.

"జర నీడకు రారాదు, పెద్దమ్మా" అన్నాను.

"దిగితే ఫోన్ మోగదు సారూ. మీరొచ్చిండ్రు గదా, ఇగ మా ఇంట్ల సిగ్నల్ వస్తదా?"

"ఇది పరిశోధనే పెద్దమ్మా. ఇంకా కొన్నేండ్లు పడ్తది."

"అయితే గప్పటిదాంక నేను గీ బండ దిగొద్దా?"

నేను సర్వే ఫారం తీశాను. ఫారంలో 'ఊళ్లో సిగ్నల్ ఉందా?' అన్న ప్రశ్నకు ఉంది, లేదు అని రెండే గడులు. 'ఉంది' అంటే ఊరు జాబితాలోంచి పోతుంది. 'లేదు' అంటే నా యంత్రమే నన్ను అబద్ధాలకోరంటుంది. మీరైతే ఏ గడిలో టిక్కు పెట్టేవాళ్లు?

నేను జీపెక్కేసరికి లింగమ్మ ఇంకా బండ మీదే ఉంది.