కొత్త పెట్టని చిక్కుళ్లు

రెండువేల తొమ్మిది చలికాలంలో బందరు నుంచి పినపాకలోని మా బంధువుల ఇంటికి వెళుతున్నాను. మణుగూరులో ఎక్కిన జీపులో ఎదురుగా ఒకామె చిక్కుళ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న గుత్తికోయల మనిషి.

పక్కనున్న మిరప రైతు ఆమెను ఎరుగును. "జోగమ్మా, మీరు వానల్లేక వచ్చిండ్రా, అక్కడి కొట్లాటలకు భయపడి వచ్చిండ్రా? పేపర్ల ఒకడు గట్ల, ఒకడు గిట్ల రాస్తుండు" అన్నాడు.

"వాన ఒక ఏడు పోతె మల్లొస్తది పటేలా. ఇల్లు కాలినంక ఏడుంటం?"

నేను కాసిని చిక్కుళ్లు అమ్మమన్నాను. ఆమె బుట్ట వెనక్కి లాక్కుంది. "కొత్త పెట్టలే సారూ."

కొత్త పంటను ఊరి దేవతకు పెట్టందే వాళ్లు తినరు, అమ్మరు. ఊరు వదిలాక ఆమెకు దేవతా లేదు, పూజారీ లేడు. గుడిసె మీద పాకిన చిక్కుళ్లు ఏటా తీగకే ఎండిపోయేవి. ఆమె పరుల చేలలో కూలికి మిరపకాయలు ఏరుతూ బతికింది. ఈసారి ఇక్కడి కోయలు కొత్త పెట్టే పండుగకు బుట్ట పట్టుకుని బయలుదేరింది.

"మీ దేవత వేరే అంటరేమో" అంది భయంగా.

వారం తర్వాత తిరిగొస్తుంటే సంతలో ముందుగా ఆమె గొంతే వినబడింది. గోనెపట్టా మీద చిక్కుళ్లు కుప్ప పోసి అరుస్తోంది.

"సారూ, మా బుట్ట వాళ్ల బుట్టల పక్కనే పెట్టిండ్రు! ఇగ కొనుక్కో!"

అలవాటుగా బేరమాడాను.

"తగ్గియ్య. కూలికి ఏరినయి కావు, నావి!"

అడిగినంత ఇచ్చి సంచి నింపుకున్నాను.