రెండో గుంట

వరుసగా రెండో వానాకాలమూ బాపు మగ్గం గుంట నిండింది. నీళ్లు గడప దాటి రాలేదు, అడుగు నుంచి ఊరాయి. నేసేటప్పుడు కాళ్లు దించుకునే గుంట అది. తొక్కుడు చెక్కలు మునిగి ఉబ్బాయి, పడుగు నూలుకు చెమ్మ పట్టి ఎరుపు రంగు తెలుపులోకి పాకింది. ఆ నెల నేత కూలి రాలేదు.

పోచంపల్లిలోని మా ఇంట్లో రెండు మగ్గాలు. ముందరి అర్రలో బాపుది, వెనక అర్రలో అమ్మది. పొద్దున్నే పట్నం బస్సెక్కి నౌకరీకి పోయేదాన్ని. ఇంట్లో నెల జీతం నాదే, కాబట్టి తెలివీ నాదే అనుకునేదాన్ని. గుంటలు పూడ్చి, నేల ఎత్తు చేసి, గుంట అక్కర్లేని స్టాండు మగ్గాలు పెట్టిద్దామన్నాను. మేస్త్రీని రెండుసార్లు పిలిస్తే దండుగ, రెండూ ఒకేసారి పూడ్చాలన్నాను. బాపు తలూపాడు. అమ్మను అడగాలని నాకు తోచలేదు.

గుంటలు పూడ్చే మొరానికీ సిమెంటుకూ పోగా మిగిలింది ఒక్క స్టాండు మగ్గానికే సరిపోయింది. అది బాపుకు పెట్టాం. అమ్మకు పై ఏడు కొంటానన్నాను.

పై ఏడు ఎండలు దంచాయి. గుంటలోని చల్లదనానికి నూలు మెత్తగా ఉండేదని సిమెంటు పోశాక తెలిసింది. రేకుల కింద పోగులు ఊరికే తెగేవి. అమ్మ మగ్గానికని నేను దాచిన డబ్బు కూలరుకు పోయింది. ఆ పై ఏడు గాలివానకు రేకులు లేచిపోతే, దాచింది వాటికి పోయింది. బాధపడటం కూడా మానేశాను. అమ్మ రాట్నం ముందు కూర్చుని బాపుకు నూలు కండెలు చుట్టేది.

మొన్న జీతం పెరిగింది. ఈసారి నీ మగ్గం ఖాయం అన్నాను. అమ్మ చేయి ఆపలేదు.

"ఇప్పుడెందుకు బిడ్డా. మోకాళ్లు వంగుతలేవు. నా గుంటల నీళ్లు ఎన్నడూ రాలే. వెనక అర్ర మెరక గదా."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు మేస్త్రీని తోలుకొని వచ్చినవ్. గప్పుడు ఇగేం చెప్పాలె?"

ముందరి అర్రలో మగ్గం ఆగింది. బాపుకు అంతా వినబడే ఉంటుంది. నాకు ఏడుపు రాలేదు. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీదో తెలియలేదు. అమ్మ చుట్టిన కండె నా చేతిలో పెట్టి, బాపుకు ఇచ్చి రమ్మంది. తీసుకుపోయి ఇచ్చాను.