ఒక్క దెబ్బకు నడిచే బండి

ఇంజనీరింగ్ రెండో ఏడు. చైతన్యపురి హాస్టల్లో నాతో గది పంచుకున్నవాడు నల్గొండ పల్లె నుంచి వచ్చిన క్లాస్‌మేట్. మాది తెనాలి. బయట తెలంగాణ ఉద్యమం, కాలిన టైర్ల వాసన. మా గదిలో మాత్రం ఓ చిన్న బండి గొడవ.

కాలేజీ పెట్టిన పోటీ అది. వేలాడదీసిన ఇనుప గుండు ఊగి వచ్చి వెనక నుంచి ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకే బండి నడవాలి. బ్యాటరీ, స్ప్రింగు కూడదు. బంద్‌లతో దిల్‌సుఖ్‌నగర్ షాపులు తెరవడం లేదు కాబట్టి గదిలో దొరికిందే సామాను. పాత సీడీలు చక్రాలు, సైకిల్ చువ్వలు ఇరుసులు, అవి తిరగడానికి ఖాళీ రీఫిల్ గొట్టాలు. వరండాలో మేమూ ఓ ఇనుప గుండు వేలాడదీసి చూశాం. అట్టతో చేసిన బండి మొదటి దెబ్బకే నలిగిపోయింది, జానెడు కూడా కదల్లేదు.

"దెబ్బంత అట్టనే మింగుతుందిరా. ఎనక గట్టిది పెట్టాలె," అన్నాడు వాడు.

క్యారమ్స్ స్ట్రైకర్ అతికించాం. ఈసారి వెనక చక్రాలు లేచి బోర్లా పడింది. స్ట్రైకర్‌ను కిందికి దించాక వరండా ఆ చివరిదాకా దూసుకుపోయింది. ఇద్దరం ఒక్కసారే కేక పెట్టాం.

అప్పుడే రోడ్డు మీద టియర్ గ్యాస్ పేలింది. పరిగెత్తే కుర్రాళ్లను తరుముతూ పోలీసులు మా గేటు తోసుకొచ్చారు.

"ఏందిరా అది?" వేలాడుతున్న గుండు వైపు లాఠీ చూపించాడొక పోలీసు.

"కాలేజీ ప్రాజెక్టు సార్. మేం ఏడికీ పోలే..." అని నా రూమ్మేట్ అంటుండగానే వాడి మోకాలి మీద దెబ్బ పడింది.

"చదువుకుంటున్నామండీ, రోడ్డు మీదకి రాలేదండీ," అన్నాను నేను.

నా యాస విని ఆ పోలీసు ఆగాడు. "ఏ ఊరు నీది?"

"తెనాలండీ."

"లోపలికి పో."

పోయాను. గడియ కూడా పెట్టుకున్నాను. లాఠీ పడుతున్న చప్పుడు, "సార్, సార్" అని వాడి అరుపు, బూట్ల కింద సీడీలు పగలడం, అన్నీ వినబడ్డాయి. తలుపు తియ్యలేదు.

వాళ్లు వెళ్లాక బయటికొస్తే, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడి మణికట్టు వంకర తిరిగింది, నుదుటి రక్తం కంట్లోకి కారుతోంది. వార్డెన్ స్కూటర్ మీద ఎల్బీనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కట్టు వేయించుకుని బయటికొస్తూ ఒక్కటే అడిగాడు.

"గడియెందుకు పెట్టినవ్‌రా?"

"భయమేసింది."

కాలేజీ తెరిచాక బండి మళ్లీ కట్టాం. వాడు కొలతలు చెప్పాడు, నేను అతికించాను. వేరే మాటల్లేవు. పోటీలో రెండో స్థానం వచ్చింది. ఆ వారమే గది ఖాళీ చేశాడు. వాడి పెట్టె ఆటోలో పెడుతూ, "ఉండిపోరా," అన్నాను.

"నీ మీద కోపం లేదు," అన్నాడు వాడు. "గా గదిల నిద్ర పడ్తలేదు."