మాస్టారి తర్వాతే టైగర్

ఏసుపాదం మాస్టారికి ఒకటే పిచ్చి. కుక్కకి పోయాల్సిన నీళ్లు ముందు తన నెత్తిన పోసుకుంటారు.

కొవ్వూరులో మాది వాళ్ల పక్కిల్లే. శనివారం టైగర్‌కి స్నానమంటే మొదటి చెంబు మాస్టారికి. కుక్క షాంపూ ఆయన తలకి, దూది ఆయన చెవులకి. ఓసారి ఆ దూది తీయడం మరిచిపోయి చర్చికి వెళ్తే, ప్రసంగం వినలేకే పెట్టుకున్నారని పాస్టరుగారు నొచ్చుకున్నారట. "పెళ్లినాడు కూడా ఈయన జుట్టు ఇంత మెత్తగా లేదండీ!" అని హెలెన్‌గారు మొగుణ్ణి చూసి వాపోయేవారు.

నేనూ తెగ నవ్వేదాన్ని, మా కుక్క పులస ఒళ్లు పుండయ్యేదాకా. తప్పు నాదే. మాది చేపల వ్యాపారం. పులస ఒంటి నీచువాసన పోవాలని రోజూ వేడివేడి నీళ్లు పోసి బట్టల సబ్బుతో రుద్దేశాను. చర్మం ఎర్రబడి బొచ్చు ఊడింది. డాక్టరుగారు మందు షాంపూ రాశారు, వారానికి రెండుసార్లు పట్టించి పది నిమిషాలు ఉంచమన్నారు. చెంబు కనబడితే చాలు, పులస మంచం కింద దూరి పళ్లు చూపించేది.

"ఆదివారం లోపు నువ్వు దీనికి స్నానం చేయించకపోతే వంతెన అవతల వదిలేసొస్తా," అన్నారు మా ఆయన. ఆ మాట వినగానే మాస్టారి దగ్గరికి పరిగెత్తాను.

శనివారం పొద్దున్నే మాస్టారు తువ్వాలుతో దిగారు. "నీళ్లు గోరువెచ్చగా ఉండాలి వీరదుర్గా, మోచెయ్యి పెట్టి చూడు. కింద గోనెపట్టా వెయ్యి, కాళ్లు జారితే హడలిపోద్ది."

గోనెపట్టా మీద తనే చతికిలబడి, నెత్తిన చెంబెడు పోసుకుని "ఆహా!" అన్నారు. మూడో ఆహాకి మంచం కింద నుంచి ముక్కు బయటికొచ్చింది. అయిదో ఆహాకి పులస వచ్చి ఆయన తడి మోకాలు నాకింది. చెవుల్లో దూది పెట్టాం, మందు పట్టించాం, పది నిమిషాలు కబుర్లు చెప్పాం. నురగంతా పోయేలా కడిగి, వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా తుడిచాం. ఒక్కసారీ గుర్రుమనలేదు. హమ్మయ్య, నా ప్రాణం కుదుటపడింది.

"కుక్కకి ఏది మంచిదో తేల్చడానికి మీ మీదే పరీక్షలు చేసుకోవాలాండి?" అన్నాను నవ్వుతూ.

"పరీక్షేంటమ్మా? మా టైగర్ దొరికినప్పుడు దాని మీద ఎవరో కాగే నీళ్లు పోసున్నారు. నీళ్లంటే వణికేది. భయం లేదని నోటితో చెబితే దానికేం తెలుస్తాది? అందుకే ముందు నేను తడిశాను. నేను పొడిగా నిలబడి దాన్ని తడవమంటే ఏం బాగుంటాదీ?"

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న మా ఆయన వంతెన ఊసు మళ్లీ ఎత్తలేదు.

బుధవారం రెండో స్నానం. ఈసారి గోనెపట్టా మీద మా ఆయనే కూర్చున్నారు. పక్కన పులస తోకాడిస్తూ నిలబడింది. నేను చెంబు ఎత్తగానే ఆయన కంగారుగా అడిగారు.

"ఏమే, మోచెయ్యి పెట్టి చూశావా?"